ఇంటి హామీల్లో ఏది మేలు: డబ్బా, స్థలమా, కట్టిన ఇల్లా?

5 లక్షలిస్తాం, మీరే కట్టుకోండి అంటుంది ఒక పార్టీ. మేమే కట్టి తాళంచెవి చేతిలో పెడతామంటుంది ఇంకోటి. ఊళ్లో 3 సెంట్ల జాగా ఇస్తామంటుంది మరోటి. ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లు దేశమంతటికీ ఇన్ని కోట్ల ఇళ్లంటారు. 2023, 2024 ఎన్నికల్లో రెండు తెలుగు రాష్ట్రాల ఓటర్లు ఈ నాలుగు మాటలూ విన్నారు. వచ్చే లోక్‌సభ ఎన్నికల్లో వినబోయేవీ ఇవే, మహా అయితే అంకెలు మారతాయి. అందుకే జెండాలు పక్కన పెట్టి, ఇప్పటిదాకా ఏ పద్ధతి ఎవరికి పనికొచ్చిందో చూడటం మంచిది.

ముందు కేంద్రం సంగతి. ఇందిరా ఆవాస్ యోజన స్థానంలో 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ వచ్చింది. మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షలు. కనీసం 25 చదరపు మీటర్లు, అంటే దాదాపు 269 అడుగులు కట్టాలి. మరుగుదొడ్డికి వేరుగా 12 వేలు. డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది, దశదశకూ ఫొటో తీసి జియో ట్యాగ్ చేస్తారు, అంటే ఏ చోట తీశారో ఫొటోకు జతచేస్తారు. మధ్యవాళ్ల చేతివాటం తగ్గించడానికి ఇది మంచి ఏర్పాటే. 2024లో బీజేపీ మరో 3 కోట్ల ఇళ్లని మేనిఫెస్టోలో పెట్టింది, గెలిచాక జూన్ 10న తొలి కేబినెట్ సమావేశంలోనే ఆమోదించింది. మాట నిలబెట్టుకుంది, కాదనలేం. కానీ ఊళ్లో ఇంటికిచ్చే 1.20 లక్షలు మాత్రం 2016 నాటివే. ఇనుము, సిమెంటు, ఇసుక, మేస్త్రీ కూలి ఏవీ 2016 దగ్గర ఆగలేదు కదా. ఆ డబ్బుతో గోడలు లేస్తాయి, స్లాబ్ వేయాలంటే అప్పే.

ఇక్కడే ఇంకో సంగతి తెలుసుకోవాలి. రాష్ట్ర పార్టీ తన పేరు పెట్టుకున్న ఇంట్లో కేంద్రం డబ్బు ఎంత, రాష్ట్రం డబ్బు ఎంత అన్నది. ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం జగనన్న కాలనీల్లో ఇంటికి 1.80 లక్షలు ఇచ్చింది. పట్టణ ఆవాస్ యోజన కింద లెక్కేసిన ఇళ్లలో అందులో 1.50 లక్షలు కేంద్రానివి. ఇద్దరూ ఆ ఇల్లు మాదే అంటారు. వాళ్ల తగువు మనకెందుకు గానీ, రాష్ట్రం ఎంత కలిపిందో అడిగితే ఆ పార్టీ ఎంత బరువు ఎత్తుకుందో తెలిసిపోతుంది.

జగనన్న కాలనీల్లో అసలు విలువ ఇంట్లో కన్నా పట్టాలో ఉంది. 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి 30 లక్షలకు పైగా ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేరునే ఇచ్చారు. సొంత జాగా లేని కుటుంబానికి అది చిన్న విషయం కాదు. లోటు ఎక్కడంటే, పట్టణాల్లో ఇచ్చింది ఒక్క సెంటు, ఊళ్లలో సెంటున్నర. సెంటు అంటే 48.4 గజాలు, 435 అడుగుల పైచిలుకు. అందులో 340 అడుగుల ఇల్లు లేపితే మిగిలేది 95 అడుగులు. మెట్లు, సెప్టిక్ ట్యాంకు, నీళ్ల తొట్టి, బట్టలారేసుకునే తీగ అన్నీ అక్కడే సర్దుకోవాలి. రేపు కొడుక్కి పెళ్లయితే పక్కన ఇంకో గది వేయడానికి చోటుండదు. పైగా చాలా లేఅవుట్లు ఊరికి దూరంగా, పల్లపు చేలల్లో పడ్డాయి. 2024లో టీడీపీ కూటమి ఊళ్లలో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు అంది. కాగితం మీద ఇది కచ్చితంగా మేలు. 3 సెంట్లంటే 145 గజాలు, ఇల్లు పోను పశువుల కొట్టానికీ చోటుంటుంది. కానీ ఒక్కో ఇంటికి స్థలం రెట్టింపైతే కావలసిన భూమీ రెట్టింపవుతుంది. ఎంత భూమి, ఏ సర్వే నంబర్లలో, ఊరికి ఎంత దూరంలో ఉందో చెప్పకపోతే ఆ 3 సెంట్లు మాటగానే మిగులుతాయి.

ఇక కట్టి ఇచ్చే ఇళ్లు. ఇది నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన పద్ధతి. ఎందుకంటే ఒకే పథకంలో మంచీ చెడూ రెండూ కళ్లముందు కనిపిస్తాయి. టీఆర్‌ఎస్ డబుల్ బెడ్‌రూమ్ హామీలో ఇంటికి 560 అడుగులు, లబ్ధిదారు పైసా పెట్టనక్కర్లేదు. దేశంలో పేదలకిచ్చే ఇళ్లలో ఇంత విశాలమైనవి తక్కువ. సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్లు తీసేసి, అదే స్థలంలో 396 ఇళ్లు కట్టి 2015లో ఇచ్చారు. పని చేసుకునే చోటు, పిల్లల బడి, తెలిసిన ఇరుగుపొరుగు ఏమీ మారలేదు. 2023 జూన్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కొల్లూరులో 15,660 ఇళ్లు ప్రారంభించారు. లిఫ్టులున్న పెద్ద పెద్ద బ్లాకులు, చూడటానికి గేటెడ్ కాలనీలా ఉంటుంది. కానీ పాతబస్తీలోనో, సికింద్రాబాద్‌లోనో పాచిపనికి వెళ్లే ఆవిడకు లాటరీలో అక్కడ ఇల్లొస్తే పొద్దున ఏడింటికి పనిలో ఎలా ఉంటుంది? రెండు బస్సులు మారాలి, నెల జీతంలో ఎంతో కొంత చార్జీలకే పోతుంది. అక్కడి ఇళ్లలో కొన్నింటికి తాళాలేసి ఉన్నాయని, కొన్ని అద్దెకిచ్చారని అధికారుల తనిఖీల్లోనే తేలింది. ఇల్లు బాగానే ఉంది, బతుకుతెరువే దూరమైంది.

ఆంధ్రాలో టిడ్కో అనే ప్రభుత్వ సంస్థ కట్టిన ఫ్లాట్లదీ ఇదే పద్ధతి. 300, 365, 430 అడుగుల మూడు రకాలు, టీడీపీ హయాంలో మొదలయ్యాయి. 2019లో ప్రభుత్వం మారాక 300 అడుగులవి రూపాయికే అన్నారు, మంచిదే. కానీ లేచిన బ్లాకులు రోడ్డు, నీళ్లు, మురుగు కాలువ లేక చాలాచోట్ల ఏళ్లకేళ్లు ఖాళీగా ఉండిపోయాయి. అప్పటికే వాటా కట్టి, బ్యాంకు రుణం తీసుకున్నవాళ్లు ఒక పక్క అద్దె, ఇంకో పక్క వాయిదా మోశారు. ప్రభుత్వం కట్టే ఇంటికున్న పెద్ద గండం ఇదే. కాంట్రాక్టరు బిల్లు ఆగినా, ముఖ్యమంత్రి మారినా లబ్ధిదారు చేతిలో ఏమీ ఉండదు.

తెలంగాణలో కాంగ్రెస్ ఇందిరమ్మ ఇళ్లలో ఆ గండం లేదు. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఈ పథకంలో సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షలు విడతలవారీగా ఇస్తారు. ఇల్లు తమ చేతిలో, మేస్త్రీ తమ ఊరివాడు, గోడ వంకరైతే వెంటనే అడగొచ్చు. ఊళ్లో జాగా ఉన్న కుటుంబానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనిపించలేదు. కానీ తొలి లక్ష బేస్‌మెంట్ అయ్యాకే పడుతుంది. అక్కడిదాకా రాయి, ఇనుము, కూలీల డబ్బు ఎవరు పెట్టాలి? నూటికి 3 రూపాయల వడ్డీకి లక్ష తెస్తే నెలకు 3 వేలు. బిల్లు నాలుగు నెలలు ఆగితే 12 వేలు, పాతిక ముప్పై బస్తాల సిమెంటు డబ్బు వడ్డీకే పోయినట్టు. బాగా పేదవాళ్లు మంజూరు కాగితం వచ్చినా ముగ్గు పోయలేకపోవడానికి కారణం ఇది. అందుకే 5 లక్షల్ని 6 లక్షలు చేస్తామన్న పార్టీ కన్నా, అదే 5 లక్షల్లో 50 వేలు ముందే చేతికిస్తామన్న పార్టీ పేదవాడికి మేలు. జాగాతోపాటు 5 లక్షలని 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ చెప్పినా, జాగా లేనివాళ్ల పేర్లు తర్వాత రెండో జాబితాకి వెళ్లాయి. అందరికన్నా ముందు ఇల్లు కావలసింది వాళ్లకే.

కాబట్టి ఊళ్లో జాగా ఉంటే డబ్బు, ఊళ్లో జాగా లేకపోతే ఊరిని ఆనుకున్న స్థలం ముందు, డబ్బు తర్వాత. నగరంలో ఉన్న బస్తీనే ఐడీహెచ్ కాలనీలా తిరిగి కట్టడం మేలు, అది కుదరని చోట మాత్రమే కొత్త టవర్లు.

ఈ హామీలన్నిటా వెనకబడిపోయేది అద్దెకుండేవాళ్లు. అడ్డా మీద కూలీ, డెలివరీ కుర్రాడు, హాస్టల్లో ఉండే నర్సమ్మ రేషన్ కార్డు సొంతూళ్లో ఉంటుంది, ఓటూ అక్కడే ఉంటుంది. 2020లో వలస కూలీలు నడిచి ఊళ్లకు పోయాక కేంద్రం చవక అద్దె ఇళ్ల పథకం తెచ్చింది, అది పెద్దగా సాగలేదు. 2024లో వచ్చిన రెండో విడత పట్టణ ఆవాస్ యోజనలో అద్దె ఇళ్లకు ఒక భాగం పెట్టారు. రాష్ట్ర పార్టీలు ఎన్నికల సభల్లో దీని ఊసెత్తడమే అరుదు. సొంతిల్లు కాకపోయినా, పని దగ్గర నెల జీతంలో నాలుగో వంతుకు మించని అద్దెకు గది ఇస్తామని ఏ పార్టీ అన్నా, ఆ పేజీని నేను ముందు చదువుతాను.

ఇంకొకటి కూడా చూస్తాను. కొత్త ఇళ్ల లెక్క పక్కన, ముందున్న ప్రభుత్వం సగంలో వదిలినవి ఎన్ని, వాటికి నీళ్లూ కరెంటూ ఎప్పటికి ఇస్తారు అన్న వాక్యం మేనిఫెస్టోలో ఉందా లేదా అని. ఆ వాక్యం రాసిన పార్టీకి, కొత్త ఇళ్ల అంకె చిన్నదైనా సరే, నా లెక్కలో ఎక్కువ మార్కులు.