ఇంక్‌స్కేప్‌లో మా అన్నదానం లోగో: మూడేళ్లు దాటాక నా మాట

ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్ ఉచితమని, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుందని, 2003 నుంచి ఉందని అందరికీ తెలుసు. వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది అందులో ఉన్న ఒకే ఒక్క కమాండ్ గురించి. పాత్ మెనూలో ఉంటుంది, పేరు ఆబ్జెక్ట్ టు పాత్, అంటే దేన్నైనా గీతలుగా మార్చేది. తెలుగు అక్షరాలతో లోగో చేసుకునేవాళ్లకు ఇంతకు మించిన సాయం ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

మాది విజయవాడలో ఓ చిన్న బృందం. కల్యాణ మండపాల్లో మిగిలిన భోజనాన్ని రాత్రిపూట తెచ్చి బస్టాండు, రైల్వే స్టేషన్ దగ్గర పంచుతాం. లోగో అనగానే వాట్సాప్‌లో సలహాలు వెల్లువెత్తాయి. గుండెను పట్టుకున్న చేతులన్నారు, గరిటె అన్నారు, నవ్వే పాపాయి అన్నారు. చదరంలో ఆకుపచ్చ చుక్క పెడదామని ఒకరంటే నేను గట్టిగా వద్దన్నాను. అది శాకాహారం గుర్తు. మా డబ్బాల్లో ఒకరోజు పులిహోర ఉంటే ఇంకోరోజు చికెన్ బిర్యానీ ఉంటుంది. రెడీమేడ్ బొమ్మలూ వద్దనుకున్నాం. కాన్వా అనే డిజైన్ వెబ్‌సైట్ లైబ్రరీలోని బొమ్మతో చేసిన లోగోను రేపు ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించుకోవడం కుదరదు, ఎందుకంటే ఆ బొమ్మ ఎవరైనా వాడుకోవచ్చు. చివరికి అరిటాకు, దాని మీద 'అన్నం' అన్న మాట ఖాయమయ్యాయి. అక్షరాలకు రామభద్ర ఫాంట్ తీసుకున్నాను. లావుగా, దూరానికి కూడా కనబడేలా ఉంటుంది, పైగా ఓపెన్ లైసెన్స్.

మొదటి ఫ్లెక్సీ వచ్చిన సాయంత్రం మాత్రం ప్రాణం ఉసూరుమంది. నా స్క్రీన్ మీద చక్కగా ఉన్న 'అన్నం' ఫ్లెక్సీ మీద 'అన్‌నం' అయిపోయింది. వత్తు ఊడిపోయింది, 'న' నెత్తిన పొల్లు లేచి నిలబడింది. రామభద్ర పోయి ఏదో సన్నటి ఫాంట్ వచ్చి కూర్చుంది. గవర్నర్‌పేటలోని ఆ షాపు కంప్యూటర్లో మా ఫాంట్ లేదు, వాళ్ల సాఫ్ట్‌వేర్ పాతది. చాలా షాపుల్లో ఇప్పటికీ 'అను' అనే పాతకాలం తెలుగు ఫాంట్లతోనే పని. అందులో వత్తును విడిగా ఒక ముక్కగా టైపు చేసి పెడతారు. ఇప్పుడు ఫోన్లలో, వెబ్‌లో అంతా వాడే యూనికోడ్‌లో అలా కాదు. న, పొల్లు, మళ్లీ న అని లోపల కోడ్ ఉంటుంది, దాన్ని కలిపి వత్తుగా చూపించాల్సింది సాఫ్ట్‌వేరే. ఆ కలిపే పని చేతకాకపోతే అక్షరం ఇలాగే విరుగుతుంది.

కౌంటర్ దగ్గర అబ్బాయి ఒకే మాట అడిగాడు: "మేడం, కర్వ్స్ చేసి తెచ్చారా?"

ప్రింటింగ్ షాపులు వాడే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో కర్వ్స్ అనేదే ఇంక్‌స్కేప్‌లో ఆబ్జెక్ట్ టు పాత్. మాటను సెలెక్ట్ చేసి షిఫ్ట్, కంట్రోల్, సి నొక్కితే చాలు. ఆ క్షణం నుంచి అది టైపు చేసిన మాట కాదు, గీసిన బొమ్మ. ఫాంట్ అవసరం లేదు, ఎవరి కంప్యూటరూ దాన్ని కలపనక్కర్లేదు, విరగ్గొట్టనూ లేదు. ఇంకా బాగుండేది ఆ తర్వాతే. అన్‌గ్రూప్ చేసి నోడ్ టూల్‌తో 'న' వత్తు మీద క్లిక్ చేస్తే అంచు పొడవునా చిన్న చిన్న చుక్కలు కనబడతాయి. ఆ వత్తు తోక చివరి చుక్కను పట్టుకుని కుడివైపుకి లాగాను. లాగుతూ పోతే అది కింద ఉన్న అరిటాకు నడి ఈనె అయింది. మా లోగోకు ప్రాణం ఆ ఒక్క గీతే. టైపు చేసిన అక్షరంతో ఆ పని ఎప్పటికీ కాదు.

దాని అసలు విలువ 2024 సెప్టెంబరు మొదట్లో తెలిసింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం నీళ్లలో ఉన్నాయి. వంట గుంటూరులోని మిత్రుల దగ్గరికి మార్చాం. ప్యాకెట్ మీద ఎవరు పంపారో, ఎన్నింటికి వండారో ఉండాలి, లేకపోతే పడవ మీద వచ్చిన పొట్లాన్ని విప్పడానికి పెద్దవాళ్లు జంకుతున్నారు. ఫైల్‌ను వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాను, ఫొటోగా పంపితే మసకబారుతుంది. అరండల్‌పేటలో ఏదో ఒక షాపు, ఏ సాఫ్ట్‌వేరో నేను అడగనే లేదు. స్టిక్కర్లు వచ్చాయి, కింద సమయం రాయడానికి ఖాళీ గీతతో సహా. అవి అయిపోయేసరికి అదే ఫైల్‌తో రబ్బరు స్టాంపు చేయించి కాగితం కవర్ల మీద గుద్దారు. రూపాయి బిళ్లంత సైజులో, ఒకే నీలం సిరాతో, వత్తూ ఈనే స్పష్టంగా పడ్డాయి. ఆ ఫొటో చూసి నాకు కళ్లు చెమర్చాయి.

కొత్తలో 'ఇంక డిజైనర్ల అవసరమే లేదు' అని కనబడినవాళ్లందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు అంత మాట అనను. ఇంక్‌స్కేప్ రంగులు స్క్రీన్ లెక్కలో ఉంటాయి, ఫ్లెక్సీ మెషిన్ సిరాల లెక్క వేరు. లేత అరిటాకు రంగు ఫ్లెక్సీ మీద పాచి రంగులో వచ్చింది. ఇప్పుడు షాపులో చిన్న ముక్క మీద శాంపిల్ తీయించి, ఆ రంగు నెంబరు రాసుకుంటున్నాం. ఇంకోటి, పాత్ అయ్యాక అది మాట కాదు కాబట్టి కింద ఉన్న ఫోన్ నెంబరు మారితే దిద్దలేం. టైపు చేసిన ఫైల్ ఒకటి, పాత్ చేసిన ఫైల్ ఒకటి వేర్వేరు పేర్లతో దాచుకోవాలి. నా పాత ల్యాప్‌టాప్ మీద ప్రోగ్రామ్ తెరుచుకునేలోపు టీ పెట్టుకుని రావచ్చు.

నేను స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతాను, రాత్రి ఓ గంట కూర్చుని నేర్చుకునే వీలుంది. మా బృందంలో డిజైన్‌కు ఇచ్చే డబ్బు లేదు, ఉన్నదంతా బియ్యానికీ ఆటో కిరాయికీ సరిపోతుంది. అందుకని నాకు ఇది కుదిరింది. మీకు తెలిసిన డీటీపీ ఆయన ఉంటే కోరల్‌లో అరగంటలో చేసిస్తాడు, మీరు ఇంక్‌స్కేప్ నేర్చుకోనక్కర్లేదు. కాకపోతే డబ్బులిచ్చే ముందు కర్వ్స్ చేసిన పీడీఎఫ్, ఎస్వీజీ (ఇంక్‌స్కేప్‌లో తెరుచుకునే గీతల ఫైల్) రెండూ మీ చేతికి తీసుకోండి. జేపీజీ, అంటే ఫొటో ఫైల్ ఒక్కటే ఇస్తానంటే ఒప్పుకోకండి.