మేఘాలయా, ములునా? వాన అడవికి వెళ్ళే హైదరాబాదీలకు ఏది మేలు?

వీపున ఒక బ్యాగు, చేతిలో వారం పది రోజుల సెలవు. వాన అడవిలో నడవాలి, గుహల్లో తిరగాలి. అలా అనుకునే హైదరాబాద్ వాళ్ళు చివరికి రెండు పేర్ల దగ్గర ఆగుతారు: మేఘాలయ, బోర్నియో దీవిలో మలేషియా వైపున్న ములు జాతీయ ఉద్యానవనం. నేను రెండు చోట్లా నడిచాను.

మేఘాలయ చేరడం తేలిక. శంషాబాద్ నుంచి గువాహటికి విమానం, అక్కణ్ణుంచి షిల్లాంగ్ 100 కిలోమీటర్లు, షేర్ సుమోలు దొరుకుతాయి. ములుకి రోడ్డే లేదు. కౌలాలంపూర్ వెళ్ళి, బోర్నియోలోని మిరి పట్టణం వెళ్ళి, అక్కడ చిన్న విమానం ఎక్కాలి. ఖర్చు బాగా ఎక్కువ. పైగా గైడు లేకుండా గుహల్లోకి, కొండ మీదికి పంపరు కాబట్టి చాలా ముందే బుక్ చేసుకోవాలి.

అసలు తేడా మోకాళ్ళకు తెలుస్తుంది. మేఘాలయలో పేరున్న నడక నొంగ్రియాట్‌లోని రెండంతస్తుల చెట్టు వేళ్ళ వంతెనకు. తిర్నా ఊరి నుంచి 3,000కి పైగా మెట్లు. మన అలిపిరి దారి 3,550 మెట్లు కదా, ఇంచుమించు అంతే. కాకపోతే ఇక్కడ వరుస తిరగబడుతుంది: హాయిగా దిగిపోతాం, అలిసిపోయాక ఎక్కాలి. అందుకే ఒక రాత్రి ఊళ్ళోనే ఉండిపోండి. పొద్దున్నే ఆ వంతెన మీద చెయ్యి పెట్టి చూడండి. రబ్బరు మర్రి వేళ్ళను అక్కడి ఖాసీ తెగవాళ్ళు వక్కచెట్టు బోదెల ఆసరాతో వాగు అవతలికి పాకించి, తరాల తరబడి పెంచిన వంతెన అది. తడి బెరడు, దాని మీద నాచు, సందుల్లో నుంచి మొలుస్తున్న కొత్త పిలకలు.

ములులో పినకిల్స్ నడక అలా కాదు. పడవలో ఏటికి ఎదురు వెళ్ళి, అడవిలో 8.8 కిలోమీటర్లు నడిస్తే క్యాంప్ 5 వస్తుంది. మర్నాడు ఎక్కాల్సిన దారి 2.4 కిలోమీటర్లే, కానీ ఆ కాస్త దూరంలోనే 1,200 మీటర్ల ఎత్తు ఎక్కాలి. దారంతా మోకాళ్ళ పర్వతమే అనుకోండి. చివర్లో తాళ్ళు, ఇనుప నిచ్చెనలు. గైడు చెప్పిన గడువులోగా నిచ్చెనల దగ్గరికి చేరకపోతే వెనక్కి పంపేస్తారు. పైన పచ్చటి చెట్ల మధ్య నుంచి 45 మీటర్ల దాకా లేచిన బూడిదరంగు రాతి కత్తులు! మన ఖాజాగూడ గుట్టల గ్రానైటు పొరలు పొరలుగా ఊడి గుండ్రంగా తేలింది. ఇక్కడిది సున్నపురాయి. వాననీటికి కరిగీ కరిగీ అంచులు పదునెక్కాయి. దిగేటప్పుడు ఆ అంచుకే నా గ్లవ్ అరచేతి దగ్గర చిరిగిపోయింది. ఎక్కడానికి పట్టినదానికంటే దిగడానికే ఎక్కువసేపు పట్టింది.

గుహల విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు, ములుదే పైచేయి. అక్కడి డీర్ కేవ్ పైకప్పు కొన్నిచోట్ల 120 మీటర్ల ఎత్తు, రెండు చార్మినార్లు ఒకదాని మీద ఒకటి పెట్టినా పడతాయి. లోపల గబ్బిలాల రెట్ట ఘాటుకు కళ్ళు మండుతాయి. వాన లేని సాయంత్రం లక్షల గబ్బిలాలు పొగ తాడులా మెలికలు తిరుగుతూ బయటికొస్తాయి. మేఘాలయలో మాస్మాయ్ గుహ లైట్లతో, పిల్లలతో కూడా వెళ్ళేలా ఉంటుంది. మామ్లూ గుహకు ఇంకో ప్రత్యేకత ఉంది. దాని సున్నపురాతి స్తంభంలో 4,200 ఏళ్ళ కిందటి కరువు జాడ దొరకడంతో, అప్పుడు మొదలై ఇప్పుడు మనం బతుకుతున్న భూయుగానికి 2018లో మేఘాలయ పేరే పెట్టారు.

సెలవులను బట్టి కూడా ఆలోచించాలి. సంక్రాంతికైతే మేఘాలయ. నవంబరు నుంచి మార్చి దాకా అక్కడి గుహలకు మంచి కాలం, ఆ తర్వాత వానలకు నీళ్ళు వచ్చేస్తాయి. ములులో ఏడాది పొడుగునా ఒకేలా వాన కాబట్టి ఎండాకాలం సెలవుల్లోనూ వెళ్ళొచ్చు. జలగలకు మాత్రం పొడుగు సాక్సులు తప్పవు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నా ఓటు మేఘాలయకే. ములుకి వెళ్ళాలనుంటే రెండు నెలల ముందు నుంచి ఎనిమిది కిలోల బ్యాగు వేసుకుని అపార్ట్‌మెంటు మెట్లు ఎక్కి దిగండి. లిఫ్టులో దిగిపోవద్దు, దిగడమే ముఖ్యం. మా పిన్ని ఏటా అలిపిరి నడుస్తుంది. వచ్చే సంక్రాంతికి ఆవిడను నొంగ్రియాట్ తీసుకెళ్తున్నాను, గువాహటికి టికెట్లు కూడా బుక్ చేసేశాను.