ఒక డబ్బా నిండా మైళ్ళు

మా ఇంట్లో టీవీ కింద అరలో ఒక నీలం రంగు బిస్కెట్ల డబ్బా ఉంది. అందరిళ్ళలో అలాంటి డబ్బా తెరిస్తే సూదులు, దారం, గుండీలు ఉంటాయి. మా దాంట్లో విమాన సంస్థల మెంబర్‌షిప్ కార్డులుంటాయి. మందుల ఫ్యాక్టరీల్లో టాబ్లెట్ మిషన్లు బిగించి, నడిపించి, అప్పగించి రావడం నా ఉద్యోగం. హైదరాబాద్‌లో తయారైన మిషన్ ఏ దేశం వెళ్తే, దాని వెనకే స్పానర్ల పెట్టె పట్టుకుని నేనూ వెళ్తాను. 2004 నుంచి ఇదే పని. ఎక్కిన ప్రతి విమానం వాళ్ళూ ఒక కార్డు అంటగట్టారు, నేనూ కాదనలేదు. ప్రయాణం చేసినప్పుడల్లా ఆ ఖాతాలో పాయింట్లు పడతాయి, వాటినే మైల్స్ అంటారు. తగినన్ని పోగైతే వాటితో టికెట్ తీసుకోవచ్చు.

నాయనమ్మ ఉన్న రోజుల్లో ఒకసారి నేను ఫోన్లో "నా మైల్స్ ఇంకా పడలేదండీ" అని గట్టిగా అడుగుతున్నాను. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఎవరికి మైలరా? ఎవరు పోయారు?" అంది. కాదే, ఇది విమానాల మైలు అని చెప్పేలోపే "మూడు రోజులా, పదకొండు రోజులా?" అని రెండో ప్రశ్న. "మూడేళ్ళు నాయనమ్మా" అన్నాను. అబద్ధమేం కాదు. చాలా సంస్థల పాయింట్లు మూడేళ్ళకు మురిగిపోతాయి.

పాయింట్లు ఎలా ఖర్చు పెట్టాలో చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. ఇరవై ఏళ్ళు వాడాక నాకు మిగిలిన ఆసక్తి మాత్రం ఈ పథకాల పేర్ల మీదే. కొన్ని పేర్లు పెట్టినవాళ్ళని కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాలనిపిస్తుంది. కొన్ని చూస్తే శుక్రవారం సాయంత్రం ఐదున్నరకి, ఇంటికెళ్ళే తొందరలో పెట్టినట్టుంటాయి.

డబ్బాలో అన్నిటికన్నా పాతది నెదర్లాండ్స్ విమాన సంస్థ కేఎల్ఎం వాళ్ళ ఫ్లయింగ్ డచ్‌మన్ కార్డు. మొదటి ట్రిప్ ఆమ్‌స్టర్‌డామ్‌కే. అక్కడి ఫ్యాక్టరీలో ఒక పెద్దాయన ఆ కార్డు చూసి నవ్వి, కథ చెప్పాడు. ఫ్లయింగ్ డచ్‌మన్ అంటే నావికులు చెప్పుకునే దెయ్యపు ఓడ అట. శాపం తగిలి సముద్రం మీద తిరుగుతూనే ఉంటుంది, ఏనాటికీ రేవు చేరదు. ప్రయాణికుల్ని గమ్యం చేర్చాల్సిన సంస్థకి అంతకంటే మంచి పేరు దొరకలేదా అనిపించింది. తర్వాత ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎం ఒక్కటయ్యాయి. 2005లో రెండిటి పథకాలనూ కలిపి ఫ్లయింగ్ బ్లూ అని పెట్టారు. రెండు కంపెనీలదీ నీలం రంగే కాబట్టి గొడవ లేదు. కాకపోతే ఈ పేరులో కథ లేదు. నాకు ఆ దెయ్యపు ఓడే నచ్చింది.

దానికి జోడీ మస్కట్‌లో దొరికింది. ఒమన్ ఎయిర్ పథకం పేరు సింద్‌బాద్. ఒమన్‌లోని సొహార్ సింద్‌బాద్ పుట్టిన ఊరని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు కాబట్టి పేరు మీద హక్కు వాళ్ళదే. అయితే సింద్‌బాద్ చేసిన ఏడు ప్రయాణాల్లోనూ ఏదో ఒక ఆపద. ఓడ మునగడమో, దీవిలో ఒంటరిగా వదిలేసి పోవడమో, పెద్ద పక్షి ఎత్తుకుపోవడమో. తరచూ ప్రయాణం చేసేవాడికి ఇంతకంటే నిజాయితీగల పేరు ఉండదు. పదికి తొమ్మిది ఇచ్చాను.

గల్ఫ్ వాళ్ళకి పేర్లు పెట్టడం తెలుసు. సౌదియా వాళ్ళది అల్ ఫుర్సాన్, అంటే గుర్రపు వీరులు. గల్ఫ్ ఎయిర్‌ది ఫాల్కన్ ఫ్లయర్. అక్కడ డేగంటే ఊరికే బొమ్మ కాదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దేశంలో పెంపుడు డేగలకి పాస్‌పోర్టులు ఇస్తారు, కొన్ని విమానాల్లో అవి మనుషుల మధ్యే కూర్చుని వెళ్తాయి. నా పక్క సీట్లో ఎప్పుడూ రాలేదు గానీ, వచ్చి ఉంటే ఆర్మ్‌రెస్ట్ దానికే వదిలేసేవాణ్ణి. కువైట్ వాళ్ళది ఒయాసిస్ క్లబ్. ఎడారిలో నీళ్ళగుంట దొరికిన సంగతి వాళ్ళకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

డేగ మళ్ళీ మారిషస్‌లో కనబడింది. ఎయిర్ మారిషస్ పథకం పేరు కెస్ట్రెల్ ఫ్లయర్. కెస్ట్రెల్ అంటే చిన్న జాతి డేగ, ఆ దీవిలో తప్ప ఇంకెక్కడా ఉండని రకం. 1974లో అడవిలో నాలుగంటే నాలుగే మిగిలాయట. తర్వాత పట్టుకొచ్చి, గుడ్లు పొదిగించి, పిల్లల్ని పెంచి వదిలితే వందల్లోకి వచ్చాయి. ఇది నాకు చెప్పింది అక్కడి మా డ్రైవర్. ముత్తాతల కాలంలో చెరకు తోటలకి వెళ్ళిన తెలుగువాళ్ళ కుటుంబం, ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు, ఉగాది మాత్రం మానరు. మా కంపెనీ పని అక్కడ రెండు ట్రిప్పులతో అయిపోయింది. కార్డులో పాయింట్లు ఆ డేగల్లాగే వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అయినా ఆ కార్డు పారెయ్యలేదు.

ఇక మైల్స్‌కి ముందు ఒక 'స' తగిలించి స్మైల్స్ చేసే వరస ఉంది. టర్కిష్ వాళ్ళది మైల్స్ అండ్ స్మైల్స్. శ్రీలంకన్‌ది ఫ్లై స్మైల్స్, బ్రెజిల్‌లో గోల్ అనే సంస్థది ఒట్టి స్మైల్స్. ఒక్క జోకుతో మూడు దేశాలు కాపురం చేస్తున్నాయి. మొదటిసారి విన్నప్పుడు నవ్వొస్తుంది, మూడోసారికి పెళ్ళిళ్ళలో మామయ్య చెప్పే జోకులా ఉంటుంది. కానీ నిజం చెప్పాలి. నా పాయింట్లతో మా ఆవిడని కొలంబో తీసుకెళ్ళింది ఆ ఫ్లై స్మైల్స్ కార్డు మీదే. ఆవిడ అప్పటి నుంచి ఆ ఒక్క పేరు గుర్తుపెట్టుకుంది. మిగతావన్నీ కలిపి "నీ అట్టముక్కలు" అంటుంది.

సింగపూర్ వాళ్ళది క్రిస్ ఫ్లయర్. క్రిస్ అంటే మలయ్ వాళ్ళ వంకీల కత్తి. ఒకసారి ఒక ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీవాళ్ళు నా బ్యాగులోంచి నెయిల్ కట్టర్ తీసి చెత్తబుట్టలో పడేశారు. జేబులో ఆ కత్తి పేరున్న కార్డు భద్రంగా ఉంది. కజకిస్తాన్‌లోని ఆల్మటీ వెళ్ళినప్పుడు ఎయిర్ అస్తానా వాళ్ళు నోమాడ్ క్లబ్‌లో చేర్చుకున్నారు. తెలుగులో దేశదిమ్మరుల సంఘం. చిన్నప్పుడు నాన్న తిట్టిన తిట్టుకి ఇన్నేళ్ళ తర్వాత సభ్యత్వం దొరికింది. కాసాబ్లాంకా పనికి వెళ్తే మొరాకో వాళ్ళది సఫర్ ఫ్లయర్. సఫర్ అంటే ప్రయాణమని హైదరాబాద్‌లో ఆటో ఎక్కినవాడికి కూడా తెలుసు. ఇంగ్లీషులో సఫర్ అంటే బాధపడటం, తెలుగులో రాస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మధ్య సీటులో తొమ్మిది గంటలు కూర్చున్నవాడికి రెండూ ఒకటే.

అమెరికా కార్డు నాకు లేదు, డాలస్‌లో ఉండే బావమరిదికి ఉంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్వాంటేజ్. 1981 మే 1న మొదలైంది, ఇలాంటి పథకాల్లో తాత లాంటిది. ఆ పేరులో మొదట రెండు 'ఏ'లు రాస్తారు, కంపెనీ పేరులోని రెండు అక్షరాలు కలిసొచ్చేలా. అది మొదటిసారి చూసినప్పుడు, మన సినిమావాళ్ళలాగా న్యూమరాలజీ చూపించుకున్నారేమో అనుకున్నాను. ఇండిగో వాళ్ళు 2024లో తెచ్చిన బ్లూచిప్ ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక 'ఈ' తగ్గింది. వీళ్ళ సిద్ధాంతి ఎవరో వేరే అనుకుంటా.

మన దేశం సంగతికొస్తే, ఎయిర్ ఇండియా ఫ్లయింగ్ రిటర్న్స్ నా అభిమాన పేరు. ఎందుకంటే ఏటా జూలైలో మా ఆడిటర్ గారు ఫోన్ చేసి "రిటర్న్స్ సంగతి ఏం చేశారు?" అంటే, ఒక సంవత్సరం నేను "ఇంకా క్లెయిమ్ చెయ్యలేదండీ, బోర్డింగ్ పాస్‌లు దాచాను" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. 2025లో ఆ పేరు తీసేసి మహారాజా క్లబ్ అన్నారు. 1946 నుంచి ఉన్న మీసాల మహారాజు బొమ్మ చేతిలో ఉండగా అన్నాళ్ళు ఆ పేరు ఎందుకు పెట్టలేదో నాకు అర్థం కాదు. బాగుంది, ఠీవిగా ఉంది. ఆడిటర్ గారితో అపార్థం మాత్రం ఇక రాదు.

క్లబ్ విస్తారా కూడా ఉండేది. మా ఇంట్లో దాన్ని విస్తరాకు క్లబ్ అనేవాళ్ళు. 2024 నవంబర్ 12న ఆ విమాన సంస్థే ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ కథ దీనికి తిరగేసి. విమానాలు 2019 ఏప్రిల్‌లో ఆగిపోయాయి, పథకం మాత్రం అదే ఏడాది జెట్ ప్రివిలేజ్ అనే పేరు విప్పేసి ఇంటర్ మైల్స్ అని కొత్త చొక్కా తొడుక్కుంది. విమానాలు పోయాయి, మైళ్ళు మిగిలాయి.

నచ్చనివి కూడా చెప్పాలి. ఫిన్ ఎయిర్ ప్లస్, ఈజిప్ట్ ఎయిర్ ప్లస్. సొంత పేరుకి ఒక కూడిక గుర్తు. పిరమిడ్లున్న దేశానికి కూడా కూడికే దొరికిందా! థాయ్ వాళ్ళదీ ప్లస్సే గానీ ముందు రాయల్ ఆర్కిడ్ అనే పువ్వు పెట్టారు కాబట్టి వదిలేస్తున్నాను. నా అనుభవంలో ఈ ప్లస్సుల వల్ల నికరంగా నష్టం జరిగింది. ఒక సంస్థలో నాకు పాతిక వేల పైచిలుకు పాయింట్లుండేవి. పేరు పేలవంగా ఉండటంతో అసలు ఆ ఖాతా ఉందన్న సంగతే మర్చిపోయాను. గుర్తొచ్చేసరికి మురిగిపోయి ఆరు నెలలు. తప్పు నాదే, కానీ సింద్‌బాద్‌నైతే మర్చిపోయేవాణ్ణా?

వాళ్ళ పేర్ల గురించి ఇంత చెప్పాను గానీ, ఇరవై ఏళ్ళలో అసలు తంటా వచ్చింది నా పేరుతో. మన ఇంటిపేరు ముందొస్తుంది, వాళ్ళ ఫారంలో వెనకొస్తుంది. పాస్‌పోర్టులో ఒక తీరు, టికెట్‌లో ఒక తీరు, కార్డు మీద అక్షరాలు పట్టక సగంలో తెగిపోయి ఇంకో తీరు. మా ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఒక సంస్థ ఇప్పటికీ ప్రతి పుట్టినరోజుకీ "ప్రియమైన" అని మొదలుపెట్టి ఆ ఊరి పేరు రాసి శుభాకాంక్షలు పంపుతుంది, పంచాయతీకి రాసినట్టు. నవ్వుకుని ఊరుకునేవాణ్ణే. కానీ అదే సంస్థ, రానూపోనూ టికెట్ మీద పాయింట్లు అడిగితే, టికెట్ మీదున్న మనిషీ సభ్యుడూ ఒకరు కాదని రాసింది. పాస్‌పోర్టు కాపీ పంపాను. పాన్ కార్డు పంపాను. నాలుగు నెలలకి పాయింట్లు వేశారు, అందులో సగమే. టికెట్ చవక తరగతిదట. కొత్తగా చేరేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. మొదటిరోజే పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు, ఏది ముందో ఏది వెనకో చూసుకుని నింపండి, పాయింట్లు పడేదాకా బోర్డింగ్ పాస్ పారెయ్యకండి.

సీటు దొరకడం మీద కూడా ఒక మాట. చెల్లి పురిటికి అమ్మానాన్నల్ని సింగపూర్ పంపాలని, పేరు చాలా గొప్పగా ఉన్న ఇంకో సంస్థ పాయింట్లు బయటికి తీశాను. నెలన్నర ముందు చూసినా ఆ రోజుకి లేదు, తర్వాతి వారానికి లేదు. చివరికి ఒక్క సీటు చూపించింది, దాని మీద పన్నులూ ఫీజులూ కలిపితే టికెట్ ధరకి కాస్త అటూ ఇటూ. పుష్పక విమానంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని అమ్మ చిన్నప్పుడు చెప్పేది. అమ్మకే చోటు లేదని చెప్పాల్సి వచ్చింది. డబ్బులు పెట్టి కొన్నాను. ఏదైనా తెలుగు సంస్థ పథకం పెట్టి పుష్పక అని పేరు పెడితే, ముందు ఆ ఒక్క సీటు సంగతి తేల్చుకుని పెట్టాలి.

పదికి పది ఇచ్చింది ఇథియోపియన్ వాళ్ళ షీబా మైల్స్‌కి. షీబా రాణి ఒంటెల మీద బంగారం, సుగంధ ద్రవ్యాలు వేసుకుని సొలొమోను రాజు దగ్గరికి వెళ్ళిన కథ బైబిల్లో ఉంది. ఆవిడ తమ రాణేనని, ఆవిడ కొడుకుతోనే తమ రాజవంశం మొదలైందని ఇథియోపియా వాళ్ళ నమ్మకం. మూడు వేల ఏళ్ళ నాటి ప్రయాణికురాలు, అదీ లగేజీ లెక్క చూసుకోకుండా బయలుదేరిన మనిషి. బిజినెస్ క్లాసుకి వాళ్ళు పెట్టిన పేరు క్లౌడ్ నైన్. తొమ్మిదో మేఘం దాకా నా పాయింట్లు ఇంకా చేరలేదు.

వచ్చే నెల మళ్ళీ అడిస్ అబాబా పని ఉంది. నిన్న రాత్రి ఎన్ని మైళ్ళున్నాయో చూద్దామని కూర్చున్నాను. రాణి పేరు గుర్తుంది, పాస్‌వర్డ్ గుర్తులేదు. మార్చుకోవడానికి పంపే నంబరు నా పాత ఫోనుకి వెళ్తోంది.