స్టాండు మీద గ్రో బెడ్: పెద్దవాళ్ల నడుముకు అందే ఎత్తేనా?

నల్గొండ, మహబూబ్‌నగర్ నర్సరీల్లో ఇప్పుడు అమ్ముతున్న హెచ్‌డీపీఈ గ్రో బెడ్లు, అంటే మట్టి నింపి మొక్కలు పెంచే ప్లాస్టిక్ నేత సంచులు, సంచిగా మంచి సరుకే. పేచీ అంతా కింద ఇచ్చే స్టాండుతోనే. దాని ఎత్తు ఒక అడుగే; అది డాబా స్లాబుకు తేమ తగలకుండా చూసుకునేదే తప్ప, మోకాళ్ల నొప్పులున్న మనిషి కొలతకు చేసింది కాదు. అడుగు స్టాండు, పైన పది అంగుళాల మట్టి కలిపితే 22 అంగుళాలు. నిలబడితే పూర్తిగా వంగాలి. కుర్చీ వేసుకుంటే మోకాళ్లు సంచికి తగిలి నడుము పక్కకు తిప్పాలి.

నిలబడి పని చేసేవాళ్లకు మట్టి పైభాగం మోచేతికి జానెడు కిందుగా ఉండాలి. అయిదడుగుల మనిషికి అది సుమారు 30 అంగుళాలు, అంటే స్టాండు 20 అంగుళాలు. వెల్డింగ్ షాపులో ఈ కొలత చెప్పి చేయించుకోవడమే మేలు. చక్రాల కుర్చీ లోపలికి దూరాలంటే సంచి అడుగున 27 అంగుళాల ఖాళీ, స్టాండు కాళ్ల మధ్య 30 అంగుళాల వెడల్పు కావాలి. అప్పుడు మట్టి ఆరంగుళాలు మించితే చేతులు పైకెత్తాల్సి వస్తుంది కాబట్టి కొత్తిమీర, మెంతి, పాలకూరతో సరిపెట్టుకోవాలి. చాలామంది మరిచేది మొక్క ఎత్తు. నడుమెత్తు మడిలో టమాట వేస్తే కాయ కోయడానికి స్టూలెక్కాలి! టమాట, బీర ఆ అడుగు స్టాండుకే వదిలేయండి.

వెడల్పు రెండడుగులు దాటొద్దు. నాలుగడుగుల సంచి గోడకు ఆనిస్తే వెనక సగం చెయ్యందదు, కలుపంతా అక్కడే పెరుగుతుంది.

2x3 అడుగుల సంచి నీళ్లు తాగాక క్వింటాలున్నర దాటుతుంది. స్టాండుకు అంచు పైపులు, జాలీ మాత్రమే ఉంటే నడుమ ఉయ్యాలలా దిగి, నీళ్లు అక్కడే నిలిచి వేర్లు కుళ్లుతాయి. జాలీ కింద రెండు అడ్డపైపులు వేయించండి. పెరట్లో అయితే ఒక్కో కాలి కింద తాండూరు బండ ముక్క పెట్టాలి, లేకుంటే తొలివానకే చెల్కలో దిగబడి ఒకవైపు ఒరుగుతుంది. డాబా మీదైతే స్లాబు కింద దూలాలున్న చోట పెట్టాలి.

అడుగున రంధ్రాలు లేని సంచులూ వస్తున్నాయి. కత్తితో కోస్తే నేత పోగులు లేచి చిరుగు సాగుతుంది; మేకు కాల్చి గుచ్చితే అంచు కరిగి గట్టిపడుతుంది. ఎనిమిది పది చాలు.

మట్టికి నాలుగు తట్టల ఎర్రమట్టి, మూడు తట్టల బాగా మాగిన పెంట ఎరువు, రెండు తట్టల కొబ్బరిపొట్టు, రెండు కిలోల వేపపిండి. పచ్చిపేడ వేస్తే వేడికి నారు మాడుతుంది. పొట్టును రెండుసార్లు నానబెట్టి పిండాకే కలపాలి, దాని ఉప్పుకు మన బోరు నీళ్ల ఉప్పు తోడైతే మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. అలా కడితే పైమట్టి గీకి తీసేసి, పట్టిన వాననీళ్లు అడుగు నుంచి కారేదాకా పోయాలి.

ఏప్రిల్, మే నెలల్లో ఈ బెడ్డు అసలు బలహీనత బయటపడుతుంది. గాలి నాలుగు వైపులా, అడుగునా తగలడంతో నేల మడి కన్నా త్వరగా ఎండుతుంది. 50 శాతం షేడ్‌నెట్ (ఎండను సగం ఆపే వల), రెండు పూటలా నీళ్లు తప్పవు. బకెట్ మోయించకుండా పక్కనే కుళాయి, పైపు ఉండాలి. అది కుదరని ఇంట్లో ఈ బెడ్డు కొనడం దండగ.