ఆపేసినా ఆగని ఫ్లాగు: రెండేళ్ల వాడకం తరువాత జాంగో వాఫిల్

భీమవరంలో రొయ్యల కొనుగోలు కేంద్రాలకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిచ్చే ఐదుగురి ఆఫీసు మాది. కొత్తగా రాసిన భాగాన్ని ముందే సర్వరులో పెట్టేసి, అది ఎవరికి ఎప్పుడు కనిపించాలో తరువాత తీరిగ్గా నిర్ణయించుకోవడానికి రెండేళ్లుగా పైథాన్‌లో వెబ్ యాప్‌లు కట్టే జాంగోకు తోడుగా వచ్చే జాంగో వాఫిల్ అనే లైబ్రరీని వాడుతున్నాం. ఇలా ఒక భాగాన్ని తెరిచే, మూసే మీటలను ఫీచర్ ఫ్లాగులంటారు, మా ఆఫీసులో మాత్రం తూములనే అంటారు. కాలువ తవ్వడం ఒక పని, షట్టరు ఎత్తడం మరొక పని అని డెల్టాలో పుట్టినవారికి ప్రత్యేకించి చెప్పనక్కరలేదు.

అంతకుముందు మా ఫ్లాగులన్నీ సెట్టింగ్స్ ఫైలులో ఉండేవి. ఒక్కటి మార్చాలన్నా సర్వరును ఆపి మళ్లీ నడపవలసి వచ్చేది, పట్టుబడి జోరుగా సాగే తెల్లవారుజామున ఆ పని చేయడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. వాఫిల్ ఫ్లాగులను డేటాబేసు పట్టికల్లో పెడుతుంది కనుక జాంగో అడ్మిన్ పేజీ తెరిచి మార్చి సేవ్ చేస్తే సరిపోతుంది, ఎవరు ఎప్పుడు మార్చారో కూడా ఆ పేజీ చరిత్రలో నమోదవుతుంది. ఉచితం, బీఎస్‌డీ లైసెన్సు. స్థాపించుకోవడానికి మాకు ఒక పూట కూడా పట్టలేదు.

దీనిలో ఫ్లాగు, స్విచ్, శాంపిల్ అని మూడు రకాలున్నాయి. అసలు బలం ఫ్లాగులో ఉంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు అన్నది తెలిసిందే. 34 కౌంటు సరుకు వచ్చినప్పుడు 30కీ 40కీ మధ్య ధరను దామాషాగా లెక్కకట్టే కొత్త సూత్రాన్ని మేము ఒక ఫ్లాగు వెనుక పెట్టి, మొదట ఆకివీడు కేంద్రంలోని ఇద్దరు గుమాస్తాలకు, వారం తరువాత ఉండి ఊరి కేంద్రానికి, ఆ పైన అందరికీ తెరిచాం. వ్యక్తులను, గుంపులను, శాతాలను విడివిడిగా ఎంచుకునే వీలుంది. వీటన్నిటి పైన ‘ఎవ్రీవన్’ అనే గడి ఉంది. అందులో ‘నో’ అని పెడితే కింద ఎవరి పేరున్నా ఫ్లాగు మూతపడుతుంది, ‘ఎస్’ అని పెడితే అందరికీ తెరుచుకుంటుంది, ‘అన్‌నోన్’ అని వదిలేస్తేనే కింది గడులను చూస్తుంది. ఈ వరుస తెలియక మా కుర్రాడొకడు పేర్లు తీసేస్తూ అరగంట కూర్చున్నాడు.

శాతం లెక్కన తెరిచే సదుపాయాన్ని మాత్రం ధరల జోలికి రానివ్వకూడదు. ఒకసారి వచ్చిన ఫలితాన్ని అది బ్రౌజరు కుకీలో (బ్రౌజరులో దాచే చిన్న గుర్తులో) దాచి, వేరేగా చెప్పకపోతే దాదాపు నెల రోజులు గుర్తుంచుకుంటుంది. మా కేంద్రాల్లో ఒకే కంప్యూటరు మీద ఇద్దరు గుమాస్తాలు మారి మారి కూర్చుంటారు. ఆ కుకీ కంప్యూటరును గుర్తుపడుతుందే తప్ప మనిషిని కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ కొత్త సూత్రం అందరికీ తెరిచిన మూడో రోజున, తడి తరుగు తీసివేయడంలో మేము చేసిన పొరపాటొకటి బయటపడింది. వెంటనే ‘ఎవ్రీవన్’ను ‘నో’ చేసి సేవ్ చేశాను. అడ్మిన్ పేజీ నో అనే చూపించింది, డేటాబేసులో చూసినా నో అనే ఉంది. రెండు నిమిషాలకు ఉండి నుంచి ఫోను: “ఆయ్, పేజీ తిప్పినప్పుడల్లా రేటు మారిపోతందండి. లారీ ఇక్కడే ఆగుందండి, ఏది కొట్టమంటారు చీటీ మీద?”

తప్పు వాఫిల్‌ది కాదు, మాది. బ్రౌజరు నుంచి వచ్చే ప్రతి అభ్యర్థనకూ డేటాబేసును అడగడం భారమని వాఫిల్ తాను చదివిన ఫ్లాగును జాంగో క్యాషేలో, అంటే త్వరగా అందేలా ప్రతులు ఉంచుకునే తాత్కాలిక గూటిలో, దాస్తుంది, ఫ్లాగు మారినప్పుడు ఆ ప్రతిని చెరిపేస్తుంది. అయితే వేరే ఏర్పాటు చేయకపోతే జాంగో వాడే క్యాషే ఆయా ప్రాసెసు సొంత మెమరీలోనే ఉంటుంది, దాని గడువు 300 సెకన్లు. మా సర్వరులో యాప్‌ను నడిపే గునికార్న్ అనే ప్రోగ్రాము నాలుగు వర్కర్లను, అంటే నాలుగు వేర్వేరు ప్రాసెసులను, నడుపుతోంది. నా సేవ్‌ను అందుకున్న వర్కరు తన ప్రతిని చెరిపేసుకుంది. మిగిలిన మూడూ తమ పాత ప్రతితోనే లెక్కలు కట్టాయి. తల తూము మూసేసినా కాలువలో ఉన్న నీరు శివారు చేలకు కాసేపు పారినట్టే జరిగింది, కాకపోతే ఇక్కడ పారింది రైతు డబ్బు. ఆ అయిదు నిమిషాల్లో పడిన చీటీలన్నీ వెతికి చేతితో సరిచేశాం.

ఆ సాయంత్రమే నాలుగు వర్కర్లకూ ఉమ్మడి క్యాషేగా రెడిస్ అనే సర్వరును పెట్టాం, జాంగో 4.0 నుంచి దీనికి redis-py ఒక్కటి ఉంటే చాలు, వేరే క్యాషే లైబ్రరీ అవసరం లేదు. మిగతా క్యాషేను కదపడం ఇష్టం లేనివారు వాఫిల్‌కు మాత్రమే వేరే క్యాషే పేరు చెప్పుకోవచ్చు. చదవడానికి డేటాబేసు నకలును వాడేవారు మరొకటి చూసుకోవాలి: క్యాషే చెరిపిన మరుక్షణం నకలులో ఇంకా పాత విలువే ఉంటే, ఆ పాతదే మళ్లీ క్యాషేలోకి చేరుతుంది. రాసే డేటాబేసు నుంచే చదవమని చెప్పే అమరిక వాఫిల్‌లో ఉంది, కానీ దాన్ని మనమే వెతికి పెట్టుకోవాలి.

నాకున్న ఫిర్యాదు వేరు. కోడులో ఫ్లాగు పేరు ఒక్క అక్షరం తప్పు రాసినా వాఫిల్ కిమ్మనకుండా ‘లేదు’ అని జవాబిస్తుంది. లేని పేర్లను లాగులో రాయించే అమరిక ఉన్నా అది మొదట్లో మూసి ఉంటుంది; తెరిచి ఉంచితే ఎందరికో మేలు జరిగేది. అలాగే ఫైలు లోడయ్యేటప్పుడే ఫ్లాగును చదివి ఒక చలరాశిలో పెట్టుకునే అలవాటు ఉన్నవారు, సర్వరును మళ్లీ నడిపేదాకా అదే విలువతో కాపురం చేయాలి. యాప్ మొదలయ్యే దశలో డేటాబేసును ముట్టుకుంటే జాంగో 5.0 నుంచి హెచ్చరిక వస్తోంది, కాబట్టి కొంత నయం.

రాత్రి పూట నడిచే చెల్లింపుల లెక్కకు అభ్యర్థన, బ్రౌజరు ఏవీ ఉండవు కనుక అక్కడ అందరికీ ఒకేలా తెరిచే, మూసే స్విచ్ వాడుతున్నాం. పని మొదట్లో ఒక్కసారి చదివి, చివరిదాకా అదే విలువను చేతిలో పట్టుకుని నడుస్తాం. నడుమ ఎవరైనా మార్చినా సగం రైతులకు ఒక లెక్క, సగం మందికి ఇంకో లెక్క రాదు. శాంపిల్ అడిగిన ప్రతిసారీ పాచిక వేస్తుంది, మాకు దానితో పని పడలేదు.

పలు ప్రోగ్రామింగ్ భాషల్లో రాసిన సర్వీసులున్న పెద్ద సంస్థలకు అన్‌లీష్ వంటి విడి ఫ్లాగుల సర్వరు మేలు. అది ఫ్లాగులను పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో ఉంచుతుంది, ప్రతి సర్వీసులో కలుపుకునే దాని లైబ్రరీ (ఎస్‌డీకే) వాటిని విడతలవారీగా తెచ్చుకుని తన మెమరీలోంచే జవాబిస్తుంది. మాలాంటి ఒక్క జాంగో యాప్‌కు అది మరో సర్వరును సాకడమే. నా వరకు వాఫిల్‌కు అయిదుకు నాలుగు. ఇప్పుడు మేము ఫ్లాగు మార్చిన ప్రతిసారీ, ఒక నమూనా చీటీ పేజీని పదిసార్లు తిప్పి పదిసార్లూ ఒకే ధర వచ్చిందో లేదో చూశాకే కేంద్రాలకు ఫోను చేస్తున్నాం.