లాంతరు, పెట్రోమాక్స్, బల్బు, ఎల్‌ఈడీ: ఏది మేలు?

పొద్దు వాలేసరికి మా అమ్మమ్మ ఇంట్లో లాంతరు గ్లాసులు తుడిచే పని పిల్లలదే. పెద్దవాళ్ల చెయ్యి లోపల పట్టదు మరి. ముగ్గుపిండి చల్లి పాతగుడ్డతో తిప్పితే మసి వదిలేది. వత్తి సమంగా కత్తిరించకపోతే మంట ఓ పక్కకి ఎగసి, కాసేపట్లోనే గ్లాసు మళ్లీ నల్లబడేది. కాలిన గ్లాసు మీద నీటిచుక్క పడిందా, టప్‌మని పగిలేది. ఇంత చాకిరీ చేసినా, పుస్తకాన్ని దగ్గరికి లాక్కుంటే తప్ప అక్షరాలు కనబడేవి కావు. లాంతరు వెలుగే హాయి అనేవాళ్లు ఎప్పుడూ గ్లాసు తుడిచి ఉండరని నా అనుమానం. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. వాకిట్లోకి తేగానే బుడ్డి దీపం కొండెక్కేది, లాంతరు మాత్రం గాలికి నిలిచేది.

వెలుగులో పెట్రోమాక్స్ దీపం బల్బుకేమీ తీసిపోదు. అందులో కళ్లు జిగేల్‌మనిపించేది మంట కాదు, మంట చుట్టూ కట్టే జాలీగుడ్డ సంచి, అంటే మాంటిల్. ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1885లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత తోరియం ఆక్సైడ్‌లో ఒక శాతం సీరియం ఆక్సైడ్ కలిపి ఆ తెల్లటి వెలుగు సాధించాడు. కానీ మాంటిల్ ఒకసారి కాలాక మిగిలేది బూడిద గూడే, వేలు తగిలితే రాలిపోతుంది. పైగా మాటిమాటికీ పంపు కొట్టాలి. పెళ్లి ఊరేగింపుకి సరే, రోజూ ఇంట్లో ఎవరు పడతారు?

లోపల తీగ కాలి వెలిగే పసుపు బల్బుకి స్విచ్చి వేస్తే చాలు. కాకపోతే అది తాగే కరెంటులో వెలుగయ్యేది 5 శాతం లోపే, మిగతాదంతా వేడి. 60 వాట్ల బల్బు రోజుకి 5 గంటలు వెలిగితే నెలకి 9 యూనిట్లు. ఇంచుమించు అంతే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీకి ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. కోడిపిల్లల్ని పెంచేచోట ఆ వేడే కావాలి కాబట్టి అక్కడ పసుపు బల్బుకే నా ఓటు. ఇంటికి మాత్రం ఎల్‌ఈడీయే. మధ్యలో వచ్చిన సీఎఫ్‌ఎల్ పగిలితే పాదరసం బెడద, దాన్ని వదిలేయండి.

అలాగని ఏ ఎల్‌ఈడీ పడితే అది కొనకండి. మా హాల్లో చవకగా కొన్నది ఆరు నెలలకే పోయింది. విప్పి చూస్తే లోపల వెలిగే చిన్న గింజల్లో ఒక్కదాని మీద నల్లచుక్క. గింజలన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒకటి మాడితే మొత్తం చీకటే. గాలాడని డూమ్‌లో బిగించాం, తప్పు మాది కూడా. డబ్బా మీద వాట్లు కాదు, ఎంత వెలుగిస్తుందో చెప్పే ల్యూమెన్లు చూడండి. రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె సీఆర్‌ఐ. అది 80కి తగ్గితే మెరూన్ చీరకీ ముదురు గోధుమరంగు చీరకీ తేడా తెలియక తికమక పడతారు.

కరెంటు కోతలకి ఒక ఇన్వర్టర్ బల్బు ఉంచుకుంటే మంచిది. లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది. హోల్డర్‌లోంచి తీసి అడుగున రెండు చుక్కలకీ వేలు ఆనిస్తే చేతిలోనే వెలుగుతుంది. మొన్న కరెంటు పోతే మా అమ్మాయి దాన్ని అలా పట్టుకునే పెరట్లోకి వెళ్లి ఆరేసిన బట్టలు తెచ్చింది.