లెగో టెక్నిక్ క్లాస్ జెరియన్: ట్రాక్టర్ పిచ్చి ఉన్నవాళ్లు వదులుకోకూడని సెట్

జర్మన్ కంపెనీ క్లాస్ తయారుచేసే జెరియన్ ట్రాక్టర్‌ని ముక్కలు కలిపి బొమ్మగా కట్టుకునే సెట్ ఇది. 2016లో వచ్చిన ఈ 42054 నంబరు సెట్‌లో 1,977 ముక్కలుంటాయి, ఓపిగ్గా కూర్చుంటే ప్రతి గంటా గిట్టుబాటే. అసలు జర్మన్ ట్రాక్టర్‌లో ఉన్నట్టే స్టీరింగ్ మూడు రకాలు: ముందు చక్రాలు మాత్రమే తిరగడం, ముందూ వెనకా ఎదురు దిక్కులకు తిరిగి ఇరుకులో మలుపు కొట్టడం, లేదా నాలుగూ ఒకే వైపు వాలి బండి పీతలా పక్కకు జరగడం. నాకు ప్రాణం క్యాబిన్! మోటార్ ఆన్ చేస్తే మెల్లగా పైకి లేచి, పూర్తిగా వెనక్కి తిరుగుతుంది, ఆ పళ్లచక్రాల చప్పుడు వింటుంటే మళ్లీ మళ్లీ తిప్పాలనిపిస్తుంది. వెనక క్రేన్ కూడా బాగుంది. అయితే మోటార్ చక్రాలను నడపదు, బండిని చేత్తో తోయాల్సిందే, ఇంత పెద్ద సెట్‌కి అదొక్కటే నిజమైన లోటు. రిమోట్‌తో నడవాలంటే అదనపు మోటార్లు మీరే అమర్చుకోవాలి. తయారీ ఆగిపోయింది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు మోటార్, బ్యాటరీ బాక్స్ పనిచేస్తున్న వీడియో అడిగి చూశాకే డబ్బులు కట్టండి.